అంతరించిపోతున్న జంతువు మీద ప్రాజెక్టా? మొదటి రోజు నుంచి చివరి పేజీ దాకా ఇలా చేయండి

"అంతరించిపోతున్న వన్యప్రాణులు" అన్న టాపిక్ మీద కాలేజీల్లో తయారయ్యే ప్రాజెక్టులు ఓ పది ముందేసుకుని చూడండి. తొమ్మిదింట్లో అదే పులి, అదే ఏనుగు, అదే ఖడ్గమృగం. కారణాలు అడవుల నరికివేత, వేట, కాలుష్యం. పరిష్కారం ప్రజల్లో అవగాహన పెంచడం. పులి పేరు తీసేసి పాండా పేరు పెట్టినా అందులో ఒక్క వాక్యం మార్చాల్సిన పని ఉండదు, అంటే అది అసలు ఏ జంతువు గురించీ కాదన్నమాట.

ఈ గైడు ముఖ్యంగా ఇంటర్, డిగ్రీ, పీజీ వాళ్ల కోసం, హైస్కూలు పిల్లలూ సగం దాకా వాడుకోవచ్చు. పద్ధతి మొత్తం ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఈ మాట ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు, ఎలా లెక్కపెట్టి చెప్పారు? ఈ ప్రశ్నను ఇతరుల మీదా, మీ సొంత నోట్‌బుక్ మీదా ఒకేలా వేయగలిగితే చాలు. ఉదాహరణకి కడప జిల్లా కలివి కోడిని (ఇంగ్లీషులో జెర్డన్స్ కోర్సర్ అనే అరుదైన పక్షి) పట్టుకుని వెళ్దాం, అవసరమైన చోట వేరే జంతువుల్నీ లాగుదాం. కలివి కోడే ఎందుకంటే, పాత రికార్డులు తవ్వడం, ఊరివాళ్లని అడగడం, కంటికి కనపడని పక్షిని అడుగుల గుర్తులతో పట్టుకోవడం, కోర్టు కాగితాలు, కాలువ గొడవ, అన్నీ ఆ ఒక్క పిట్ట కథలోనే దొరుకుతాయి.

1. జంతువును ఎంచుకోవడం: దగ్గరిది తీసుకోండి

పులిని వదిలేయండి. పులి ముఖ్యం కాదని కాదు, పులి మీద మీరు కొత్తగా చెప్పగలిగేది ఏమీ ఉండదు, దాని లెక్కకి దేశమంతా వేల కెమెరాలు పెడతారు. మీ ఇంటి నుంచి బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దూరంలో ఏముందో చూడండి. శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఏ సముద్రతీరంలో ఉన్నా ఆలివ్ రిడ్లే తాబేలు ఉంది. కాకినాడ వాళ్లకి కోరింగ మడ అడవుల్లో ఫిషింగ్ క్యాట్ (చేపలు పట్టి తినే పిల్లి జాతి జంతువు) ఉంది. ఆసిఫాబాద్ వైపు బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టాయి. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో గూటీ టరాంటులా అనే నీలంరంగు సాలీడు ఉంటుంది, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు, 1899లో గూటీ దగ్గర దొరికాక మళ్లీ దాని జాడ తెలియడానికి వందేళ్లు పట్టింది. రోళ్లపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం పెట్టారు, ఆ పిట్ట ఇప్పుడు అక్కడ దాదాపు కనుమరుగైంది. ఇది కూడా మంచి టాపిక్కే, జంతువు లేకుండా పోయిన చోటు మీద పరిశోధన చేయకూడదని ఎక్కడా రూలు లేదు. ఇవి కాక అలుగు, దేవాంగపిల్లి, నక్షత్ర తాబేలు, రేసుకుక్క ఎలాగూ ఉన్నాయి.

జంతువు పేరొక్కటే టాపిక్ కాదు. "ఆలివ్ రిడ్లే తాబేళ్ల సంరక్షణ" అంటే పుస్తకం పేరులా ఉంటుంది. "ఫలానా ఊరి దగ్గర 3 కిలోమీటర్ల బీచ్‌లో జనవరి నుంచి మార్చి దాకా వారానికి ఎన్ని చనిపోయిన తాబేళ్లు ఒడ్డుకొస్తున్నాయి?" అంటే అది ప్రశ్న. చోటు, కాలం, లెక్కపెట్టగలిగే వస్తువు, ఈ మూడూ ఒకే వాక్యంలో వచ్చేదాకా మీ ప్రాజెక్టు గైడు (లెక్చరర్) దగ్గరికి వెళ్లకండి.

2. హోదా చూడటం: రెండు జాబితాలు, రెండు వేరువేరు పనులు

ఎక్కువమంది ఇక్కడే కలగాపులగం చేస్తారు. ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం) రెడ్ లిస్ట్ అని ఒకటుంది, 1964 నుంచి నడుస్తోంది, ఒక జాతి ప్రపంచం మొత్తం మీద ఎంత ప్రమాదంలో ఉందో అది చెబుతుంది. మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ఇంకొకటి, అందులోని షెడ్యూళ్లు ఏ జంతువుకి చట్టం ఎంత రక్షణ ఇస్తుందో చెబుతాయి. రెండూ ఒకటి కావు. నెమలిని చూడండి. రెడ్ లిస్ట్‌లో దానికి ఏ ప్రమాదమూ లేదు, అన్నిటికంటే కింది వర్గంలో ఉంది, కానీ చట్టంలో షెడ్యూల్ 1 జంతువు. కృష్ణజింకా అంతే. కాబట్టి "షెడ్యూల్ 1లో ఉంది కనుక అంతరించిపోతోంది" అని రాశారో, వైవాలో మొదటి ప్రశ్నకే దొరికిపోతారు.

ఇంకో జాగ్రత్త. 2022లో చట్టాన్ని సవరించారు, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఆరు షెడ్యూళ్లుండేవి, ఇప్పుడు నాలుగే. గైడ్ పుస్తకాల్లో, చాలా వెబ్‌సైట్లలో ఇంకా పాత ఆరు షెడ్యూళ్ల లెక్కే ఉంది, దాన్ని కాపీ కొట్టొద్దు.

రెడ్ లిస్ట్ వెబ్‌సైట్‌లో మీ జంతువు పేజీ తెరిచాక పైన కనిపించే వర్గం రాసుకుని మూసేయకండి. కింద అసలు సరుకు ఉంటుంది. అంచనా ఏ సంవత్సరంలో వేశారు, ఎవరు వేశారు, ఏ ప్రమాణం కింద వేశారు. ఈ ప్రమాణాలు 'ఏ' (A) నుంచి 'ఈ' (E) దాకా ఐదు. ఏ అంటే సంఖ్య ఎంత వేగంగా పడిపోయింది అన్నది: పదేళ్లలో గానీ మూడు తరాల్లో గానీ, ఏది ఎక్కువైతే అది, 80 శాతం తగ్గితే అత్యంత ప్రమాదకర స్థితి, 50 శాతం తగ్గితే ఆ కింది వర్గం, 30 శాతం తగ్గితే ఇంకో మెట్టు కింద. డీ అంటే మిగిలినవే మరీ తక్కువ: పెరిగి పెద్దయినవి ఆ మూడు వర్గాలకి వరసగా 50 లోపు, 250 లోపు, 1000 లోపు. బీ విస్తీర్ణం, సీ తక్కువ సంఖ్యతో పాటు ఇంకా తగ్గుతూ ఉండటం, 'ఈ' (E) అంటే గణితపు అంచనా.

కలివి కోడికి చాలాకాలం పాటు 50 నుంచి 249 పెద్ద పక్షులు అని రాసి ఉండేది. దీన్ని చూసి "కేవలం 249 కలివి కోళ్లు మిగిలాయి" అని రాసేవాళ్లున్నారు. ఎవరూ 249 వరకూ లెక్కపెట్టలేదండీ! అదొక తయారు గడి, సమాచారం తక్కువగా ఉన్న జాతులన్నిటినీ ఇలాంటి గడుల్లోనే పెడతారు. 250 లోపు ఉండి ఇంకా తగ్గుతుంటే సీ ప్రమాణం కింద పై వర్గంలోకి వెళ్తుంది, అందుకే గడి అంచు 249 దగ్గర ఆగింది. ఒక్క అంకె వెనక ఇంత ఉంటుంది.

3. పాత పేర్లతో వెతకడం

ఇంగ్లీషు పేరుతో గూగుల్ చేస్తే మొదటి రెండు పేజీలూ ఒకదాన్నొకటి కాపీ కొట్టిన సైట్లే వస్తాయి. శాస్త్రీయనామంతో వెతకండి, అదీ ఇంగ్లీషు అక్షరాల్లో, కొటేషన్ గుర్తుల మధ్య. ఆ తర్వాత పాత శాస్త్రీయనామాలతో. కలివి కోడిని ఇప్పుడు రైనోప్టిలస్ బైటార్క్వేటస్ అంటున్నారు, కానీ 1980ల పేపర్లలో కర్సోరియస్ బైటార్క్వేటస్ అని, ఇంగ్లీషులో డబుల్ బ్యాండెడ్ కోర్సర్ అని కూడా ఉంటుంది. ఇప్పటి పేరు ఒక్కదానితోనే వెతికితే, ఆ పక్షి మళ్లీ దొరికినప్పటి అసలు రిపోర్టే మీ చేతికి చిక్కదు. పాత పేర్ల జాబితా రెడ్ లిస్ట్ పేజీలోనూ, వికీపీడియాలోనూ దొరుకుతుంది. వికీపీడియాని అంతవరకు వాడుకోవచ్చు, కింద ఉన్న మూలాల దగ్గరికి పోవడానికి అది మంచి దారి, కానీ దాన్నే మూలంగా చూపిస్తే ఏ గైడూ ఒప్పుకోరు.

ఎక్కడ వెతకాలి? గూగుల్ స్కాలర్ అందరికీ తెలిసిందే. దాంతో పాటు ఇవి చూడండి:

- బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ, ఇంటర్నెట్ ఆర్కైవ్. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ 1883లో మొదలైంది, దాని జర్నల్ పాత సంపుటాలు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి.
- శోధ్‌గంగ. దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు ఉంటాయి. మన యూనివర్సిటీల్లో పేపరుగా అచ్చు కాని సమాచారం ఎంత ఉందో చూస్తే ఆశ్చర్యపోతారు.
- జర్నల్ ఆఫ్ థ్రెటెన్డ్ టాక్సా, ఇండియన్ బర్డ్స్. రెండూ డబ్బులు కట్టకుండా చదవొచ్చు.
- పరివేష్ పోర్టల్. ఏ గని, ఏ రోడ్డు, ఏ ప్రాజెక్టు అడవి భూమి అడిగినా కాగితాలు ఇక్కడికి రావాలి. పర్యావరణ ప్రభావ నివేదికల్లో జంతువుల జాబితాలుంటాయి. వాటిని అలాగే నమ్మకండి, కానీ నిజంగా అక్కడ ఉన్న జంతువు జాబితాలో లేకపోతే అదే మీ ప్రాజెక్టు అవుతుంది.
- పాత జిల్లా గెజెటీర్లు (జిల్లా వివరాల ప్రభుత్వ పుస్తకాలు), అటవీశాఖ వర్కింగ్ ప్లాన్లు (అడవి నిర్వహణ ప్రణాళికలు).

పేపరు డబ్బులడిగితే రచయితకి మెయిల్ పెట్టండి. రెండు లైన్లు చాలు: ఎవరు, ఏ కాలేజీ, ఏ పేపరు, ఎందుకు. చాలామంది పంపిస్తారు. ఇక చాట్‌బాట్‌లు. వాటిని అడగొద్దనను, కానీ అవి ఇచ్చే పేపర్ల పేర్లు కొన్ని అసలు ఈ లోకంలోనే ఉండవు. తెరిచి చదవని పేపరుని జాబితాలో పెట్టకండి, అంతే.

కలివి కోడి రికార్డులన్నీ ఇలా వరుసగా పెడితే ఒక టైమ్‌లైన్ వస్తుంది. 1848లో బ్లైత్ అనే జంతుశాస్త్రవేత్త దాన్ని శాస్త్రానికి పరిచయం చేశాడు, నమూనా పంపింది జెర్డన్ అనే డాక్టరు. 19వ శతాబ్దంలో పెన్నా లోయలోనూ, గోదావరి వైపు సిరోంచ, భద్రాచలం దగ్గరా కనిపించినట్టు రాతలున్నాయి. 1900లో అనంతపురం దగ్గర చివరిసారి. తర్వాత 86 ఏళ్లు ఏమీ లేదు, అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర మళ్లీ దొరికింది. 1988లో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది. ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దాని పొదల మీదుగా రావడం, వివాదం, కాలువ దారి మార్చడం. చివరిసారి నిర్ధారణగా కనిపించింది ఎప్పుడు, కూత రికార్డయింది ఎప్పుడు అనేవి వేరువేరుగా వెతికి ఈ టైమ్‌లైన్ మీరే పూర్తి చేయండి. చూడటం, వినడం రెండూ వేరు సాక్ష్యాలు, ఒకే గడిలో వేయకూడదు.

4. అంకెలు చదవడం

2022 పులుల లెక్కలో ఎన్ని పులులున్నాయి అంటే మీకు 3,167 అని ఒకచోట, 3,682 అని ఇంకోచోట, 3,925 అని మరోచోట కనిపిస్తుంది. మూడూ ఒకే సర్వే నుంచి వచ్చినవే. మొదటిది కనీస అంచనా, 2023 ఏప్రిల్‌లో ప్రకటించారు, రెండోది సగటు, జూలైలో వచ్చిన వివరమైన రిపోర్టులోది, మూడోది పై హద్దు. 2018లో 2,967 అన్నది సగటు. ఇప్పుడు ఎవరైనా 2,967 పక్కన 3,167 పెట్టి పెరుగుదల శాతం లెక్క కడితే? సగటుని కనీసంతో పోల్చినట్టు. పేపర్లలో ఈ తప్పు చూస్తూనే ఉంటాం.

కాబట్టి ఏ అంకె రాసుకున్నా పక్కన నాలుగు మాటలు రాసుకోండి: ఏ సంవత్సరపు ఫీల్డ్‌వర్క్, ఏ పద్ధతి, ఎంత ప్రాంతం, కనీసమా సగటా. పద్ధతి మారిన రెండు లెక్కలను పక్కపక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకండి.

5. పద్ధతి: అడవిలోకి వెళ్లకుండా కూడా చేయొచ్చు

స్టూడెంట్‌కి ఉండేది మూడు నాలుగు నెలలు, నలుగురు స్నేహితులు, బస్సు చార్జీలు. కెమెరా ట్రాపులు, రేడియో కాలర్లు మరిచిపోండి. మీ స్థాయికి బాగా సరిపోయేవి రెండు చెబుతాను.

మొదటిది బీచ్ నడక. ఆలివ్ రిడ్లేలు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలంలో, ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా, చనిపోయినవి ఒడ్డుకు కొట్టుకొస్తాయి. ఒక 3 కిలోమీటర్ల ముక్క ఎంచుకోండి, ఒక చివర లైట్‌హౌస్ గానీ గుడి గానీ ఏదో కదలని గుర్తు ఉండాలి. వారానికోసారి, అదే రోజు, తెల్లవారుజామున, అదే ముక్క. తాబేలు కనిపిస్తే ఫోన్‌లో జీపీఎస్, పక్కన స్కేలు పెట్టి ఫొటో, చిప్ప పొడవు కంటికి అందిన అంచనా, ఎంత కుళ్లిందో. ముట్టుకోవద్దు, అది షెడ్యూల్ 1 జంతువు, చనిపోయినదైనా సరే, ఎముకో చిప్పో ఇంటికి తెచ్చుకుంటే కేసవుతుంది. పోయిన వారం చూసిన తాబేలునే మళ్లీ లెక్కపెట్టకుండా ఫొటోలు, జీపీఎస్ పోల్చుకోండి. 12 వారాలు నడిస్తే 36 కిలోమీటర్లు, అందులో 18 తాబేళ్లు కనిపించాయనుకుందాం, కిలోమీటరుకి 0.5. ఈ అంకెని వచ్చే ఏడు మీ జూనియర్లు అదే ముక్కలో మళ్లీ తీస్తే పోల్చుకోవచ్చు. "మా బీచ్‌లో 18 తాబేళ్లు చనిపోయాయి" అన్న వాక్యంతో అది కుదరదు.

ఇక్కడ నోరు అదుపులో పెట్టుకోవాల్సిన చోటు ఒకటుంది. "ట్రాలర్ల వలల్లో చిక్కి చనిపోయాయి" అని రాయాలనిపిస్తుంది. ట్రాలర్ల వల్ల తాబేళ్లు పెద్దఎత్తున చనిపోతున్నాయన్నది నిజమే, వలలో చిక్కినది పైకి తేలి ఊపిరి తీసుకోలేక చస్తుంది, అందుకే వలల్లో తాబేళ్లు తప్పించుకునే పరికరాలు పెట్టమంటారు. కానీ మీరు చూసిన ఆ ఒక్క తాబేలు దేనివల్ల చనిపోయిందో పైనుంచి చూసి చెప్పలేరు. తూర్పుతీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల చేపల వేట నిషేధం ఉంటుంది. నిషేధానికి ముందూ తర్వాతా పోల్చి చూద్దాం అన్న ఆలోచన బాగానే ఉంటుంది గానీ, అప్పటికి గుడ్ల సీజన్ కూడా అయిపోవస్తుంది, తేడా దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం. ఈ ఇబ్బందిని దాచకుండా రిపోర్టులో రాయండి, మార్కులు తగ్గవు, పెరుగుతాయి.

రెండోది నాకు బాగా ఇష్టమైనది: రాబందుని చూడకుండా రాబందు మీద ప్రాజెక్టు. 1990ల నుంచి మన దేశంలో తెల్లవీపు రాబందులు 99 శాతానికి మించి తగ్గిపోయాయి. వేట కాదు, అడవి నరకడమూ కాదు. పశువుల నొప్పులకి వాడే డైక్లోఫెనాక్ మందు, చనిపోయిన పశువు మాంసంలో ఉండిపోయి, తిన్న రాబందు కిడ్నీలు పాడుచేస్తుంది. ఈ సంగతి 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధనతో బయటపడింది. మనదేశంలో 2006లో పశువులకి ఈ మందు నిషేధించారు, మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలను పశువులకి వాడేస్తున్నారని 2015లో సీసా సైజు 3 మిల్లీలీటర్లకి తగ్గించారు, తర్వాత కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్ కూడా నిషేధంలోకి వచ్చాయి. అంటే రాబందు భవిష్యత్తు ఊరి పశువుల కొట్టంలో ఉందన్నమాట. మీ మండలంలో ఐదు ఊళ్లు తీసుకోండి, ఊరికి 20 ఇళ్లు. పశువు చనిపోతే ఏం చేస్తారు, పూడుస్తారా, ఊరి బయట పడేస్తారా, తోలు తీసేవాళ్లకిస్తారా? పదేళ్ల కింద ఏం చేసేవాళ్లు? పశువుకి నొప్పి ఉంటే ఎవరు సూది వేస్తారు, పశువుల డాక్టరా, ఊళ్లో తెలిసినవాళ్లా? ఊళ్లలో తిరిగి అడిగేదే కాబట్టి అటవీశాఖ అనుమతి అక్కర్లేదు, ఒక్క అడవి జంతువునీ ఇబ్బంది పెట్టక్కర్లేదు. బెజ్జూరు చుట్టుపక్కల పిల్లలు ఇది చేస్తే నేరుగా పనికొస్తుంది.

కనిపించని జంతువుని ఎలా పట్టుకుంటారో తెలియాలంటే మళ్లీ కలివి కోడి దగ్గరికే రావాలి. అది రాత్రి తిరిగే పక్షి, ముళ్లపొదల మధ్య నేల మీద నడుస్తుంది, మనిషి అలికిడికి తప్పుకుంటుంది. 2000ల మొదట్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీల్లా పరిచి, చదును చేసి, పొద్దున్నే వచ్చి అడుగులు చూసేవాళ్లు. కోర్సర్ పక్షులకి వెనక వేలు ఉండదు, మూడు వేళ్ల గుర్తే పడుతుంది. అనుమానం ఉన్నచోట ఆటోమేటిక్ కెమెరా పెట్టి ఆ అడుగులు ఎవరివో తేల్చుకునేవాళ్లు. మట్టి పట్టీల ఐడియా మీరూ వాడుకోవచ్చు, కలివి కోడికి కాదు, మీ క్యాంపస్ వెనక తిరిగే ముంగిసకో, నక్కకో. పద్ధతి నేర్చుకోవడానికి సాధారణ జంతువే మంచిది.

6. అనుమతులు

అభయారణ్యం, నేషనల్ పార్కు, టైగర్ రిజర్వు లోపల ఏ అధ్యయనానికైనా చట్టం 28వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి. తెలంగాణలో అయితే హైదరాబాద్ అరణ్య భవన్‌లో ఉంటారు. హెచ్‌ఓడీ సంతకంతో లెటర్, రెండు పేజీల ప్రపోజల్, మ్యాప్, తేదీలు, ఎంతమంది. జంతువుని పట్టుకోవడం, రక్తం తీయడం లాంటివి స్టూడెంట్ ప్రాజెక్టులో రాయకండి, అది వేరే స్థాయి అనుమతి. నెలలు పడుతుంది, జూన్‌లో పెడితే డిసెంబరుకి వస్తే అదృష్టం. అందుకే చెరువు, బీచ్, ఊరి పొలాలు, క్యాంపస్ లాంటివే ఎంచుకోమంటున్నాను. రిజర్వు ఫారెస్టులోకి కూడా రేంజ్ ఆఫీసులో చెప్పకుండా వెళ్లకూడదు.

కడప, తిరుపతి, అన్నమయ్య జిల్లాల వాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. ఎర్రచందనం ప్రాంతంలో రాత్రిపూట టార్చిలతో తిరిగే గుంపుని ఎవరూ పక్షుల పిల్లలనుకోరు. అనుమతి కాగితం, ఐడీ కార్డు, అటవీశాఖ మనిషి తోడు, మూడూ ఉంటేనే. రక్తపింజర గురించి వేరే చెప్పక్కర్లేదనుకుంటా, మోకాలి దాకా బూట్లు.

పక్షి కూత ఫోన్లో ప్లే చేసి పిలవడం గురించి. అరుదైన పక్షుల దగ్గర చేయొద్దు. దాని ప్రాంతంలోకి ఇంకో పక్షి వచ్చిందనుకుని అది గూడు వదిలి పరుగెడుతుంది. అనుమతితో, లెక్క ప్రకారం పరిశోధకులు చేయడం వేరు, రీల్ కోసం చేయడం వేరు.

7. మనుషులని అడగడం

1986లో కలివి కోడి దొరికింది ఎలా అనుకుంటున్నారు? బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ ఊళ్లలో తిరిగి జనాన్ని అడిగారు, ఐతన్న అనే స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. శాస్త్రవేత్తల పుస్తకాల్లో లేకుండా పోయిన 86 ఏళ్లూ ఆ పిట్ట అక్కడి జనానికి తెలుస్తూనే ఉంది, పేరుతో సహా.

అయితే అడిగే తీరు ఉంటుంది. గొర్రెల కాపరి దగ్గరికి వెళ్లి, ఫొటో చూపించి, "తాతా, ఈ కలివి కోడిని చూశారా?" అంటే, "చూడకేం నాయనా, మా చిన్నప్పుడు చానా ఉండేటివి" అంటాడు. ఎండలో అంతదూరం వచ్చిన పిల్లల్ని ఉత్తచేతులతో పంపడం ఎందుకని ఆయన మంచితనం. మీ డేటా మాత్రం పోయింది. దానికి బదులు "తాతా, రాత్రిపూట ఈ పొదల్లో ఏమేం పిట్టలు తిరుగుతాయి?" అని అడిగి ఊరుకోండి. ఆయన తీతువు అంటాడు, కౌజు అంటాడు, గుడ్లగూబ అంటాడు, మధ్యలో మీరు నోరు తెరవకండి. ఆ తర్వాత ఆరు ఫొటోలు పరవండి, పేర్లు లేకుండా. అందులో ఒకటి మీ జంతువు, నాలుగు అక్కడ మామూలుగా ఉండేవి, ఒకటి ఆఫ్రికాలోదో దక్షిణ అమెరికాలోదో, అక్కడ ఉండే అవకాశమే లేనిది. ఆ ఆరోదాన్ని కూడా "రోజూ వస్తాది" అన్నవాళ్ల జవాబులు పక్కన పెట్టండి, ఎంతమందివి అలా పక్కన పెట్టారో రిపోర్టులో రాయండి.

వేట గురించి నేరుగా అడగొద్దు. అలుగుని ఎవరు పట్టారు అని అడిగితే ఊరంతా మీతో మాట్లాడటం మానేస్తుంది, మానకపోతే ఆ చెప్పినాయనకి మీవల్ల కేసు పడొచ్చు. పేర్లు, ఇంటి నంబర్లు నోట్‌బుక్‌లో రాయకండి, వయసు, పని, ఊరిలో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, అంతే. ముందే చెప్పండి ఎందుకు అడుగుతున్నారో, రికార్డు చేసేముందు అడగండి, వద్దంటే ఫోను జేబులో పెట్టేయండి.

8. నోట్‌బుక్

తేదీ, మొదలుపెట్టిన టైమ్, ఆపిన టైమ్, నడిచిన దూరం, ఎంతమంది చూశారు, వాతావరణం, ఏం కనిపించింది, ఎన్ని, ఎక్కడ, ఏం చేస్తోంది. ఏమీ కనిపించని రోజు కూడా ఇవన్నీ రాసి, చివర సున్నా వేయండి. ఆ సున్నా లేకపోతే మీరు ఆ రోజు వెళ్లలేదో, వెళ్లినా కనిపించలేదో ఎవరికీ తెలియదు, కిలోమీటరుకి ఎన్ని అన్న లెక్కే తప్పిపోతుంది. ఎవరికీ రాయబుద్ధి కాదు, రాయాల్సిందే. సాయంత్రం ఇంటికి రాగానే ఎక్సెల్‌లోకి ఎక్కించండి. "తర్వాత గుర్తుంటుంది" అన్నది గుర్తుండదు. గుర్తుపట్టలేని జంతువుని ఊహించి పేరు పెట్టకండి, "గుర్తు పట్టలేదు, మధ్య సైజు పిల్లి జాతి" అని రాయడంలో సిగ్గేమీ లేదు, ఫిషింగ్ క్యాట్‌నీ అడవిపిల్లినీ చీకట్లో కలగలిపిన వాళ్లు చాలామంది.

మ్యాపులకి క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, తెలుగులో వీడియోలు కూడా ఉన్నాయి. గణాంకాలు అంటే టెన్షన్ పడొద్దు, డిగ్రీ స్థాయిలో సగటు, పరిధి, ఒక మంచి గ్రాఫ్ చాలు. సరిగా అర్థం కాని పరీక్షను సాఫ్ట్‌వేర్ నొక్కి పెట్టేకంటే అర్థమైన సగటు మేలు.

ప్రభుత్వం దగ్గరున్న లెక్కలు కావాలంటే ఆర్‌టీఐ పెట్టండి, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. చిరుతపులి చంపిన పశువులకి మీ డివిజన్‌లో ఏటా ఎంత నష్టపరిహారం ఇచ్చారు లాంటి ప్రశ్న అడగండి, ఏళ్లవారీగా, రేంజ్‌లవారీగా. "చిరుతల సమాచారం మొత్తం ఇవ్వండి" అంటే ఏమీ రాదు.

9. రాయడం, ఏది రాయకూడదో తెలుసుకోవడం

ముందు పద్ధతి, ఫలితాలు రాయండి. పరిచయం చివర రాయండి, అప్పటికి మీకే తెలుస్తుంది ఏం చెప్పాలో. ప్రతి అంకె పక్కన మూలం. కారణాలు రాసేటప్పుడు మీరు చూసినవి ఒక పేరాలో, ఇతరులు చెప్పినవి ఇంకో పేరాలో. పరిష్కారాల దగ్గర "అవగాహన" అన్న మాట వచ్చిందా, అవగాహన ఎవరికి, దేని గురించి, వాళ్లు ఏం మానేయాలి, మానేస్తే వాళ్లకి ఎంత నష్టం అని అడగండి. జవాబు లేకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

చోటు మాత్రం పూర్తిగా బయటపెట్టకండి. నక్షత్ర తాబేళ్లు, అలుగులు, గూటీ టరాంటులా, వీటన్నిటికీ స్మగ్లింగ్ మార్కెట్ ఉంది, మీ రిపోర్టులోని జీపీఎస్ పాయింటు వాళ్లకి ఉచిత సర్వే. కాలేజీకి ఇచ్చే కాపీలో మండలం పేరు చాలు. ఫోన్ ఫొటోలో లొకేషన్ దాగి ఉంటుంది, పంచుకునేముందు తీసేయండి. జీవుల ఫొటోలు ఎక్కించే ఐనాచురలిస్ట్‌లో ప్రమాదంలో ఉన్న జాతుల చోటుని ఆ యాప్ తనే ఒక పెద్ద గడిలో దాచేస్తుంది, పక్షుల లెక్కలు ఎక్కించే ఈబర్డ్ కూడా సున్నితమైన పక్షుల వివరాలు దాస్తుంది. ఇన్‌స్టాగ్రామ్ ఏదీ దాచదు.

10. ప్రాజెక్టు అయిపోయాక

మార్కులు వచ్చాక ఫైలు అటకెక్కుతుంది. దానికంటే ముందు, పక్షుల లెక్కలుంటే ఈబర్డ్‌లో ఎక్కించండి, సున్నా రోజులతో సహా పూర్తి చెక్‌లిస్టులుగా. మిగతావి ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లో పెట్టొచ్చు. 2023లో వచ్చిన స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ రిపోర్టు 942 జాతుల మీద అంచనా వేయగలిగింది ఇలా మామూలు జనం ఎక్కించిన చెక్‌లిస్టుల వల్లే. ఒక కాపీ, అసలు జీపీఎస్ పాయింట్లతో, రేంజ్ ఆఫీసులో చేతికివ్వండి, రసీదు తీసుకోండి. మీ ప్రశ్నలకి జవాబిచ్చిన ఊళ్లకి వెళ్లి, ఏం తేలిందో తెలుగులో ఒక పేజీ చదివి వినిపించండి, "అది తప్పు నాయనా, అట్లా కాదు" అని ఎవరో ఒకరు అంటారు, అది కూడా రాసుకోండి.

ఇదే దారిలో ఇంకా వెళ్లాలనుకుంటే హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ వాళ్ల లాకోన్స్ ప్రయోగశాల ఉంది, వన్యప్రాణుల డీఎన్‌ఏ పని చేస్తారు. తిరుపతిలో ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థలో జీవావరణ పరిశోధన జరుగుతోంది. ఎంఎస్సీ స్థాయిలో డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ బయలాజికల్ సైన్సెస్) కోర్సులకి ఎంట్రన్స్ రాయాలి. ఇంటర్వ్యూలో మీరు సొంతంగా చేసిన ఫీల్డ్‌వర్క్ గురించి అడిగే అవకాశం ఎక్కువ. ఆ ఫీల్డ్ నోట్‌బుక్ పారేయకండి.